జవాబు గంట

ముందుగది, బల్లల మధ్య నుంచి
జనవరి 6

అలిగిన మరదలికి వదిన రాసేది,

ఇల్లు ఇల్లులా లేదు. బొమ్మ రైళ్ల ప్రదర్శనకి ఇంకా మూడు నెలలుందనగానే మీ అన్నయ్య పదకొండు బల్లలూ అటక మీంచి దించి ముందుగదిలో పరిచేశాడు. వంటింట్లోకి వెళ్లాలంటే రెండు కొండలూ ఒక వంతెనా దాటాలి. నిన్న టీ పట్టుకుని వస్తుంటే మోచెయ్యి తగిలి సగం ఊరు కూలింది. మూడు ఇళ్లు, పోస్టాఫీసు, ఒక దీపస్తంభం. మీ అన్నయ్య నన్నేమీ అనలేదు, ఆ పోస్టాఫీసుని చేతిలోకి తీసుకుని దానితో చెప్పుకున్నాడు. ఇప్పుడు కొండలకి మళ్లీ పచ్చరంగు వేస్తున్నాడు. పోయినేటి పచ్చకీ ఈ పచ్చకీ తేడా ఏమిటని అడిగితే నాకు కళ్లు లేవన్నాడు.

క్లబ్బులో నీ కుర్చీ దర్జీ గారికి ఇచ్చారు. తెర కుట్టినాయనే తెర వెనక కూర్చుంటే సరిపోతుందని క్లబ్బు నడిపే మాస్టారి లెక్క. మొదటి రోజు పాఠం నేనే చెప్పాను. "చూడండి, మీది వెనక యార్డు, నాది ముందు స్టేషను. మధ్యలో సొరంగం, అందులో ఒకటే లైను. తెర అడ్డం కాబట్టి మీకు నేను కనపడను, నాకు మీరు కనపడరు. రైలు పంపాలంటే రెండు గంటలు కొట్టి అడగండి. లైను ఖాళీగా ఉంటే నేను ఒక గంట కొడతాను. అది జవాబు. జవాబు రాకుండా చక్రం కదలకూడదు. నేను పంపినా ఇదే పద్ధతి" అన్నాను. ఆయన మెడలో టేపు సవరించుకుని, "ఇంత దూరానికి గంటెందుకమ్మా, కేకేస్తే పోలా?" అన్నాడు. ఏం చెప్పను? ఇరవై ఒక్క ఏళ్లలో నువ్వు ఒక్కనాడు అడగని ప్రశ్న.

ఇంతకీ నువ్వు ఈసారి రానన్నావని మీ అన్నయ్య చెప్పాడు. పోయినేడు జరిగినదాన్ని ఇంకా మోస్తున్నావా? రెండు బొమ్మ రైళ్లు గుద్దుకున్నాయి, ఎక్స్‌ప్రెస్ ఇంజను బల్ల మీంచి పడింది, జనం అయ్యో అన్నారు. ఇంజను బాగుపడింది. మాస్టారు రిజిస్టరులో ఏదో రాశారు, ఆయనకి రాయకపోతే తోచదు. నువ్వు రాకపోతే నాకు బాగుండదు. ఉత్తరం రాయి. ఫోను చెయ్యకు, ఈ కొండల మధ్య ఆ ఫోను ఎక్కడుంటుందో నాకే తెలియదు.

నీ వదిన


రక్తపరీక్షల గది, మధ్యాహ్నం విరామం
జనవరి 19

వదినకి నమస్కారం.

నేను అలగలేదు. అలిగితే నీకు తెలుస్తుంది, మీ పెళ్లిలో చూశావుగా.

మాస్టారు ఏదో రాశారన్నావు. ఏదో కాదు, నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "జవాబు గంట అందకుండానే వెనక యార్డు గూడ్సు బండిని పంపింది. తప్పు యార్డుది." కింద నా సంతకం ఉంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేనే పెట్టాను. కానీ వదినా, సంతకం పెడుతున్నప్పుడు కూడా నాకు గంట వినపడినట్టే ఉంది. నీ ఎక్స్‌ప్రెస్ రాలేదు, వస్తున్నట్టు కబురూ లేదు. సరే, గూడ్సైనా పంపుదామని రెండు కొట్టి అడిగాను. ఒకటి మోగింది. చక్కగా, ఎప్పటిలాగే. అప్పుడే బండి వదిలాను. నువ్వు గంట ఇవ్వలేదన్నావు. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కావు. కాబట్టి నాకు లేని గంట వినపడింది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒప్పుకున్నాక కష్టం మొదలైంది. నా పని నీకు తెలుసుగా, ఎవరి రక్తం ఏ గొట్టంలో ఉందో చూసి చీటీ అంటించడం. ఇదివరకు ఒకసారి చూసేదాన్ని. ఇప్పుడు మూడుసార్లు చూస్తాను. మూడోసారి చూశాక, నిజంగానే చూశానా అనిపించి లేచి వెళ్తాను. పక్క బల్ల పిల్ల నాకు ముద్దుగా "మళ్లీ గారు" అని పేరు పెట్టింది. నేనూ నవ్వుతాను.

ఈలోగా పెద్ద డాక్టరమ్మ నన్ను ఈ గదికంతటికీ పెద్దని చేస్తానన్నారు. పద్నాలుగేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఒప్పుకోవాలో లేదో తెలియడం లేదు. బొమ్మ రైలు కాబట్టి ఇంజను పడింది, ఇక్కడైతే పడేది ఇంజను కాదు. ప్రదర్శనకి మాత్రం రాను, నన్ను అడగకు.

నీ మరదలు


మేడ మెట్ల దగ్గర
ఫిబ్రవరి 2

మరదలా,

నీ ఉత్తరం అందింది. నువ్వు మరీ లోతుగా ఆలోచిస్తున్నావు. ఆ ఉద్యోగం కళ్లు మూసుకుని ఒప్పుకో. పద్నాలుగేళ్లు పనిచేసినదాన్ని నిన్ను కాక ఇంకెవర్ని కూర్చోబెడతారు? పొరపాట్లు అందరూ చేస్తారు, అది అక్కడితో పోయింది.

ఇక్కడి సంగతులు చెప్తాను. మీ అన్నయ్య ఈసారి సొరంగం ముఖానికి నిజమైన రాతిపొడి అద్దుతానని గుమ్మం ముందు రాళ్లు దంచుతున్నాడు. పక్కింటివాళ్లు వచ్చి ఏమైనా కడుతున్నారా అని అడిగారు. కొండ కడుతున్నాం అన్నాను. దర్జీ గారు బాగానే నేర్చుకుంటున్నారు గానీ ఆయన చేతిలో బలం లేదు, దూదిని కొట్టినట్టు కొడతారు గంట. మొన్న సాధనలో తెర తొలగించుకుని బయటికొచ్చి, "అయిదుసార్లు కొట్టానమ్మా, మీరు పలకరు" అన్నారు. గంట ముసలిదైపోయింది, కొత్తది తెప్పించాలన్నాను. మీ అన్నయ్య బ్యాటరీ మార్చి చూసి, "బాగానే మోగుతోంది కదే" అన్నాడు. ఆయనకి అన్నీ బాగానే ఉంటాయి.

కొత్త పెట్టెలు రెండు వచ్చాయి, కిటికీల్లో మనుషుల బొమ్మలున్నాయి. ఇంకేం విశేషాలు లేవు. ఒంట్లో జాగ్రత్త. ఉద్యోగం సంగతి ఏం చేశావో రాయి.

వదిన


ఆస్పత్రి వెనక, మూడో అంతస్తు
ఫిబ్రవరి 20

వదినకి,

ఈ నెలలో నీకు మూడుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఒకప్పుడు గంటసేపు మాట్లాడి, చెవి వేడెక్కిందంటూ ఇంకో చెవికి మార్చుకునేదానివి. నీ గొంతు విని ఎన్నాళ్లయిందో లెక్కపెడితే బాధేసింది. నామీద కోపమేమీ లేదు కదా?

ఒక పని చేశాను, నవ్వకు. చెవులు పరీక్ష చేయించుకున్నాను. మా గదికి రెండు గుమ్మాల అవతలే ఆ డాక్టరు గారు. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోను ఒకటి తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడే నొక్కాలి. ముప్పావుగంట కూర్చున్నాను. బయటికొచ్చాక ఆయన కాగితం చూసి, ఈ వయసులో ఇంత బాగా వినే చెవులు అరుదన్నారు. లేని శబ్దానికి ఒక్కసారి కూడా నొక్కలేదట.

సంతోషించాల్సింది. నాకు మాత్రం భయం ఎక్కువైంది. చెవిలో తేడా ఉంటే మందు వేసుకుందును. చెవి బాగుందంటే తేడా బుర్రలో ఉన్నట్టేగా వదినా? మా అమ్మ చివర్లో లేని మనుషులతో మాట్లాడేది, నీకు గుర్తుందా? నువ్వే కదా పక్కన కూర్చునేదానివి. ఆ మాట ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను.

డాక్టరమ్మకి కాగితం రాసి పెట్టాను. ఆ బాధ్యత నాకు వద్దు, వీలైతే నన్ను పాత కాగితాలుండే గదికి మార్చండి అని. వచ్చే సోమవారం ఇస్తాను. నీకు ఒక్కటే ప్రశ్న. ఆ క్షణంలో నువ్వు ఏం చేస్తున్నావు, నీకు ఏం వినపడింది? గుర్తున్నంత రాయి. నాకు ఎక్కడ తప్పు మొదలైందో తెలుసుకోవాలని ఉంది.

మరదలు


ముందుగది, తలుపు వేసుకుని
ఫిబ్రవరి 24

తల్లీ,

గంట కొట్టింది నేనే. నీకు వినపడింది నిజం గంట. నీ బుర్రకి ఏమీ కాలేదు.

ఆ మూడు మాటలూ ముందే రాసేశాను, మళ్లీ వెనక్కి తగ్గుతానేమోనని. ఇక మిగిలింది చెప్తాను.

నాకు మూడేళ్లుగా సరిగ్గా వినపడదు. ఎడమ చెవి దాదాపు పోయింది. ఎదుటి మనిషి పెదవులు కనపడితే మాట తెలుస్తుంది. సన్నటి శబ్దాలు పూర్తిగా పోయాయి. ఫోను, ఈల, గంట. ఫోను ఎత్తనిది అందుకే, నీమీద కోపమెందుకమ్మా నాకు. మీ అన్నయ్య ఎప్పుడూ కొండలతో మాట్లాడుతుంటాడు కాబట్టి ఇంట్లో గడిచిపోయింది. హాల్లో జనం గోలలో మన గంట నాకు మూడేళ్లుగా వినపడలేదు.

మరి ఎలా నడిపావంటావు. గడియారం చూసి నడిపాను. టైంటేబులు నాకు కంఠతా వచ్చు. మూడూ ఇరవయ్యారుకి నువ్వు గూడ్సు కోసం అడుగుతావు, అర నిమిషం అటూ ఇటూ కాకుండా. కాబట్టి ఆ నిమిషానికి ఒక గంట కొట్టేసేదాన్ని. నువ్వు అడిగావో లేదో నాకు తెలియదు, అడిగే ఉంటావనుకుని కొట్టేదాన్ని. నువ్వు అంత ఖచ్చితంగా పనిచేస్తావు కాబట్టే నా దొంగ వేషం సాగింది.

ఆ రోజు మూడూ ఇరవైకి నా ఎక్స్‌ప్రెస్ బయల్దేరాలి. సరిగ్గా అప్పుడు ఒక ముసలాయన, సొరంగం దేనితో చేశారమ్మా అని అడిగాడు. ఆయన పెదవుల మీంచి చూపు తిప్పితే మాట పోతుంది నాకు. చూస్తూ ఉండిపోయాను. తల తిప్పి గడియారం చూసేసరికి ఇరవయ్యారు. చెయ్యి దానంతటది ఒక గంట కొట్టేసింది. ఆ తరవాత చూస్తే ఎక్స్‌ప్రెస్ ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఆలస్యమైందన్న కంగారులో నిన్ను అడక్కుండానే వదిలేశాను.

మాస్టారు వచ్చి, గంట ఇచ్చారా అని అడిగితే, ఎవరూ అడగలేదు, నేనివ్వలేదు అన్నాను. ఆ నిమిషానికి అదే నిజమనుకున్నాను. సాయంత్రం బల్లలు విప్పుతుంటే నా వేలికి గుర్తొచ్చింది. నువ్వు ఆ చివర రిజిస్టరు మీద వంగి సంతకం పెడుతున్నావు. నేను ఈ చివర స్క్రూలు ఏరి డబ్బాలో వేస్తున్నాను. నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. నిజం చెప్తే చెవుల సంగతి బయటపడుతుంది, అది బయటపడితే నా స్టేషను పోతుంది. ఏడాదికి నాలుగు రోజులు నేను స్టేషను మాస్టర్ని, మిగతా రోజుల్లో ఏమిటో నాకే తెలియదు. నీకైతే వేరే ఉద్యోగముంది, వేరే బతుకుంది, రెండు రోజుల్లో మరచిపోతావనుకున్నాను. ఆ మాట తప్పించడానికి, నువ్వు రాసిన ప్రతి ఉత్తరానికీ రాళ్ల సంగతీ రంగుల సంగతీ రాశాను.

అత్తయ్య గారి మాట ఎత్తావు. ఆ లైను చదివాక ఇక నావల్ల కాలేదు. ఆ కాగితం ఇవ్వకు. ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యకి కూడా. ముందు నీకే తెలియాలని.

వదిన


ఆస్పత్రి వెనక, మూడో అంతస్తు
మార్చి 3

వదినకి,

కాగితం సోమవారం ఇచ్చాను. నీ ఉత్తరం బుధవారం వచ్చింది.

అన్నయ్య చేత ఒక్క ఫోను చేయించి ఉంటే సరిపోయేది. ముందు నాకే తెలియాలని గౌరవించావు. ఆ గౌరవం నడుచుకుంటూ వచ్చేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

గురువారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కారణం వినలేదు, వినాల్సిన అవసరం కూడా ఆమెకి లేదు. నన్ను మళ్లీ గారు అని పిలిచే పిల్లకే ఆ పని ఇచ్చారు. మంచి పిల్ల. మొదటి రోజు నా దగ్గరికి వచ్చి, మీ ముందు కూర్చోవడానికి సిగ్గుగా ఉందంది. కూర్చోమన్నాను. కాగితాల గదికి మాత్రం వెళ్లడం లేదు, అది మాన్పించుకున్నాను.

నాకు చాలా కోపంగా ఉంది వదినా. పోయిన పనికి కాదు, అంటే దానికీ ఉంది. ఏడాదిపాటు అమ్మలా అయిపోతున్నాననుకున్నాను. పొద్దున లేవగానే నా పేరు, నా గది నంబరు, అన్నయ్య పుట్టినరోజు పైకి చెప్పుకుని చూసుకునేదాన్ని. ఆ సమయంలో నువ్వు నాకు పచ్చరంగు గురించి రాశావు.

కొన్నాళ్లు నాకు రాయకు.

మరదలు


ముందుగది
మార్చి 25

మరదలికి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. చేసిన పనులు చెప్పడానికే రాస్తున్నాను, జవాబు అక్కర్లేదు.

మీ అన్నయ్యకి చెప్పాను. కుంచె పక్కన పెట్టాడు. "మూడేళ్లుగా నేను మాట్లాడిందంతా చెవిటివాడి ముందు శంఖమేనా?" అన్నాడు. ఆ తరవాత కళ్లు తుడుచుకున్నాడు. తన పెదవులు నాకు కనపడేలా ఎదురుగా వచ్చి కూర్చుని, "దానికి అన్యాయం చేశావే" అన్నాడు. అవునన్నాను.

క్లబ్బులో అందరి ముందూ చెప్పాను. మాస్టారు పాత మాట కొట్టేస్తానన్నారు. కొట్టెయ్యొద్దన్నాను. నీ సంతకం కింద నా చేత్తోనే రాశాను. "పై మాట తప్పు. జవాబు గంట నేను కొట్టాను. అడక్కుండా ఎక్స్‌ప్రెస్ పంపింది నేను. నాకు వినపడదు, ఆ సంగతి దాచాను." కింద సంతకం పెట్టాను. ఇక నన్ను స్టేషను నుంచి తీసేస్తారని లేచి నిలబడ్డాను. మాస్టారు తీసెయ్యలేదు. చెవికి మిషను పెట్టించుకోండి, వినపడకపోతే మళ్లీ అడగండి, రైలు ఆలస్యమైతే కొంప మునగదు అన్నారు. ఇంత చిన్న జవాబుకి భయపడి నీ ఏడాది తినేశాను.

చెవికి మిషను వచ్చింది. గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నాను. గంట కొంత తెలుస్తోంది, జనంలో ఎలా ఉంటుందో చూడాలి. మీ డాక్టరమ్మ దగ్గరికి వచ్చి నేను చెప్పాలంటే చెప్పు, మొదటి బస్సుకి వస్తాను. ప్రదర్శన ఏప్రిల్ పది నుంచి. రమ్మనను.

వదిన


రక్తపరీక్షల గది, మధ్యాహ్నం విరామం
ఏప్రిల్ 17

వదినా,

చివరి రోజు నేను వచ్చాను. టికెట్టు కొనుక్కుని జనంలో నిలబడ్డాను. ఇరవై ఒక్క ఏళ్లలో మన ఊరుని ముందు నుంచి ఇంత తీరిగ్గా చూడడం అదే మొదటిసారి. తెర వెనక నుంచి నాకు ఎప్పుడూ రైళ్ల తోకలే కనపడేవి. అన్నయ్య కొండలు చాలా బాగున్నాయి, ఆయనతో అనకు, మళ్లీ రంగు వేస్తాడు.

నిజం చెప్తాను, నిన్ను నాలుగు మాటలు అనడానికే వచ్చాను. దారంతా వాటిని కూర్చుకున్నాను. నువ్వు తలెత్తి నన్ను చూసిన వెంటనే అనాలనుకున్నాను. నువ్వు తలెత్తలేదు. ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీద ఉంది. రెండు గంటలు కొట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగావు. నాకైతే జవాబు వచ్చిన సంగతి తెర ఊగడం బట్టే తెలిసిపోయింది, దర్జీ గారు గంట కొడితే మనిషంతా ఊగుతారు. నీకు తెలియలేదు. మళ్లీ రెండు కొట్టావు. మళ్లీ ఆగావు. జనం కదలడం మొదలుపెట్టారు. నా పక్కనున్న పెద్దావిడ, "పాడైందా అమ్మా రైలు?" అని గట్టిగా అడిగింది.

నువ్వు లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పావు. "రైలు బాగానే ఉందండీ, నా చెవులే పాడయ్యాయి. వెనక నుంచి జవాబు వచ్చిందో లేదో నాకు తెలియలేదు. తెలియకుండా పంపను. పోయినేడు అలాగే పంపి, తప్పు మా మరదలి మీదకి నెట్టాను. కాస్త ఆగండి."

అక్కడ నలభై మందైనా ఉంటారు. ఎవరో నవ్వారు. నువ్వు కూర్చోలేదు. దర్జీ గారు తెర తొలగించుకుని వచ్చి నీకు ఒక వేలు చూపించేదాకా అలాగే నిలబడ్డావు. అప్పుడు బండి కదిలింది. నేను కూర్చుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. నిన్ను పలకరించలేదు. పలకరిస్తే ఏడుస్తానని వెళ్లిపోయాను.

కోపం పోలేదు. కొంత తగ్గింది. పోయిన పని పోయినట్టే, దాన్ని తలుచుకుంటే ఇంకా మంటగానే ఉంటుంది. అదేమీ లేనట్టు నీకు రాయలేను.

నాకు అన్నిటికన్నా బాధేసినది వేరే ఉంది. నాతో ఎందుకు చెప్పలేదు? స్టేషను పోతుందని వాళ్ల దగ్గర దాచావు, సరే. నా దగ్గర కూడానా? నేను రైళ్ల కోసం అక్కడికి వస్తాననుకున్నావా? నాకు ఇప్పటికీ ఇంజన్ల పేర్లు రావు వదినా. అమ్మ పోయాక ఈ ప్రపంచంలో ఏడాదికి నాలుగు రోజులు నీతో కలిసి ఉండడానికి నాకు దొరికిన చోటు ఆ తెర వెనక కుర్చీ. నాకు వినపడడం లేదే అని ఒక్క మాట నా చెవిలో వేసి ఉంటే, నీ రెండు చెవులూ నేనే అయ్యేదాన్ని కదా.

వచ్చే ఏడు దర్జీ గారిని నా కుర్చీలోంచి లేవమను. గంట మాత్రం వద్దు. రైలు పంపే ముందు ప్రతిసారీ లేచి, తెర తొలగించుకుని వచ్చి, నీ భుజం తట్టి అడుగుతాను. రోజుకి అరవై రైళ్లు. మోకాళ్లు నొప్పెడితే పెట్టనీ. జనం ఆగుతారు.

నీ మరదలు